చిగుళ్ళ రంగు బుడిపె

సైదాపురం అభ్రకం షావుకారి గొడ్లకొట్టంలో
ఇరవై రెండేళ్ళు గడ్డి కింద పడుకున్న ఫియట్టు
ట్రాక్టరు వెనక తాడు కట్టించుకుని
మా స్టోన్‌హౌస్‌పేట సందులోకి తిరిగిన రోజు
చెంగమ్మక్క గేటు పట్టుకుని అడిగింది:
"కొన్నావా అబ్బయా,
వాళ్ళే డబ్బులిచ్చి పంపినారా?"

నా పని పళ్ళ సెట్లు కట్టడం.
ట్రంకురోడ్డు డాక్టర్లు పంపే అచ్చుల్లో
ఎవరెవరో ముసలోళ్ళ నవ్వులు పోసి, ఉడకేసి, అరగదీసి
సాయంత్రానికి డబ్బాల్లో సర్దేస్తా.
ఈ కారుకి ముందు జాలీ లేదు.
బోసినోరు.
అందుకే కొన్నానేమో.

వెనక సీటు ఊడదీస్తే
చారెడు అభ్రకం పొడి,
ఎండిన నిమ్మగింజలు నాలుగు,
ఎవరిదో జడపిన్ను.
పిన్ను దాచినా. పొడి ఊడ్చేశాననుకున్నా.
ఇప్పటికీ రాత్రి లైటేస్తే
షెడ్డు నేల అక్కడక్కడా మినుకుమంటాది.
సరళ చీపురు పట్టుకుని కాసేపు నిలబడి
"పోన్లే, ఉండనీ" అంది.
ఇంట్లో ఇంకే దుమ్మునీ ఉండనివ్వని మనిషి.

ఆటోనగర్‌లో కొట్టు మూసేశాక
ఖాజావలి వచ్చేవాడు, లుంగీ ఎగ్గట్టి.
నట్టు తిరక్కపోతే తిట్టడు, కొట్టడు,
కిరసనాయిలు పోసి "రేపు అడుగుదాం" అంటాడు.
సుత్తి కొసతో రేకు మీద మెల్లగా తట్టి
చెవితో తుప్పుని కొలుస్తాడు.
"ఇక్కడ ఇనుముండాది.
ఇక్కడ రంగే ఉండాది."
ఆ మాట పట్టుకుని మూడు నెలలు గోకినా.
తలుపుల అడుగులు, మడ్‌గార్డులు, కాళ్ళు పెట్టే నేల.
రంగే ఉన్న చోటల్లా
కంత పడి ఎండ లోపలికొచ్చింది.

కార్బురేటరు విప్పిన ముక్కలు
వరస తప్పకుండా ఇడ్లీ రేకుల గుంటల్లో పెట్టినా.
వారం రోజులు మా ఇంట్లో ఉప్మానే.
పాయింట్ల గ్యాపు కొలిచే బద్ద లేదంటే
ఖాజావలి జేబులోంచి ఆత్మకూరు బస్సు టిక్కెట్టు తీసి
మూడు మడతలేసి దూర్చినాడు.
"తగిలీ తగలనట్టు జారాల. అంతే."

గేరు రాడ్డు చివర బుడిపె మాత్రం దొరకలేదు.
చెన్నై పుదుప్పేటలో రెండు రోజులు తిరిగినా.
ఒకడు అంబాసిడర్‌ది చూపించినాడు,
ఒకడు నన్ను చూసి నవ్వినాడు.
చివరికి మైనంతో నేనే మలిచి, అచ్చు తీసి,
సెట్లకి వాడే ముద్ద కలిపి ఉడకేస్తే
నల్లగా ఉండాల్సిన చోట
చిగుళ్ళ రంగులో వచ్చింది.
నా దగ్గరుండేది ఆ ఒక్క రంగే.
ఖాజావలి దాన్ని అటూ ఇటూ తిప్పి
"వేలు కొరుకుతాదేమో చూసుకో" అన్నాడు.

ఆయనకిప్పుడు కళ్ళల్లో శుక్లాలు. కావలి పోయినాడు.
ఆదివారం పొద్దున్నే ఇంజను స్టార్ట్ చేసి
ఫోను బానెట్టు కింద పెడతా.
అవతల దగ్గు, గిన్నెల చప్పుడు,
తర్వాత ఏమీ లేదు.
వింటుండాడు.
"మూడో టాపెట్టు. వదులైంది."
బిగిస్తా. మళ్ళీ పెడతా.
"ఊఁ" అంటాడు. కట్ చేసేస్తాడు.

పెన్నా బ్యారేజీ దాకా పోయొస్తా, తొందర్లేకుండా.
బైకులోళ్ళు పక్కకొచ్చి ఫోటో తీసుకుంటారు,
ఆ గులాబీ బుడిపె ఏందని ఎవరూ అడగరు.
నా అరచేతికి తెలుసు:
ఎండెక్కే కొద్దీ దానికి
నోటి లోపలి వెచ్చదనం వస్తాది.

"ఇంకా అయిపోలేదా నీ బండి పని?"
చెంగమ్మక్క వారానికోసారి అడుగుతాది.
ఏం చెప్పేది?
ఇంజను కింద పాత పేపరు పరిచి
పొద్దున్నే నూనె చుక్కలు లెక్కపెడతా.
నిన్న తొమ్మిది.
ఈపొద్దు ఏడు.
ఎనిమిదోది నూనె కాదు,
మెరుస్తుండాది.